చుట్టాలొస్తేనే వచ్చే వాసన

ఒడిశాలోని మా బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణీ జాతర, రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ చైత్రమాసంలో ఊళ్ళో ఇల్లున్నవాళ్ళెవరూ చుట్టాలని ప్రత్యేకంగా పిలవక్కర్లేదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చే ఏ రైల్లో చూసినా మనవాళ్ళు నలుగురు దిగుతారు. వాళ్ళ కోసమే మా మావయ్యగారు కింద వెనకగదిని ఆనుకుని ఒక బాత్రూం కట్టించారు. తెల్ల టైల్స్, కొత్త కమోడ్, గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను. మామూలు రోజుల్లో అందులోకి మేమెవరం వెళ్ళం. వెళ్తే మాసిపోతుందని అత్తయ్యగారి భయం.

ఆ బాత్రూంకి ఒక వింత గుణం ఉంది. ఇంట్లో మేం మాత్రమే ఉన్నప్పుడు తలుపు తీసి చూస్తే ఏమీ ఉండదు. చుట్టాలు దిగి బ్యాగులు పెట్టిన గంటకల్లా కుళ్ళిన కోడిగుడ్డు వాసన మొదలవుతుంది. మా వియ్యాలవారు దీన్ని ఎలా అర్థం చేసుకుని ఉంటారోనని తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఈసారి మా వదిన కొడుక్కి కృష్ణుడి వేషం మొక్కు. ఈ జాతరలో పిల్లలకి వేషాలు కట్టించి అమ్మవారి దగ్గరికి తీసుకెళ్తామని మొక్కుకుంటారు. పొద్దున్న నుంచి కూర్చోబెట్టి వాడికి ఒళ్ళంతా నీలం పూశారు. నెమలి పింఛం పెట్టారు, పట్టు పంచె కట్టారు. దేశిబెహరా వీధికి బయల్దేరే ముందు కృష్ణుడు ఒకసారి బాత్రూంకి వెళ్ళొస్తానన్నాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో ముక్కు. "అమ్మమ్మా, లోపల ఏదో చచ్చిపోయింది!"

చుట్టాలంతా హాల్లోనే ఉన్నారు. ఇంక దాచడానికేం లేదు.

అక్కణ్ణుంచి పరిశోధన మొదలైంది. ఎలక అన్నారు మావయ్యగారు. నిచ్చెన వేసుకుని అటక ఎక్కి అంతా గాలించారు. ఎలక దొరకలేదు కానీ పనిమనిషే తీసుకుపోయిందని అత్తయ్యగారు ఏడాదిగా అనుమానపడుతున్న ఇత్తడి గిన్నె దొరికింది. ఆవిడ గిన్నె వైపు చూడకుండా, పక్కింటి ఒడియా మాస్టారి వంటింటి కిటికీ వైపు చూసి, "అవి ఎండుచేపలు. వాళ్ళు వేయించినప్పుడల్లా ఇంతే" అని తేల్చేశారు. తేల్చినా, ఎందుకైనా మంచిదని బకెట్ నీళ్ళలో ఫినాయిల్ కలిపి నేలంతా కడిగారు. వాసన పోయింది! "చూశారా, ఫినాయిల్ మహిమ" అన్నారు.

రెండు గంటలకి మళ్ళీ వచ్చింది.

ఇచ్ఛాపురం చినమావయ్యగారికి వాస్తు తెలుసు. సెప్టిక్ ట్యాంకు ఈశాన్యంలో ఉందని, అది వాయవ్యంలో ఉండాలని, ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి ఆలస్యం కావడానికి కూడా ఇదే కారణమని చెప్పారు. ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్ల ఎవరూ లేరు. ట్యాంకుని ఎలా జరపాలో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. ప్రస్తుతానికి శాంతిగా చెంబుడు పసుపు నీళ్ళు బాత్రూం నలుమూలలా చల్లి, మిగిలినవి నేల మీద కుమ్మరించారు. వాసన పోయింది. ఆయన ఆ పూట భోజనంలో రెండోసారి పప్పు అడిగి మరీ వేయించుకున్నారు.

చీకటి పడేసరికి మళ్ళీ వచ్చింది.

వదిన భర్త బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఫోన్లో చూసి, ట్యాంకులో మలినాన్ని తినేది బ్యాక్టీరియా అని, అది తగ్గితే వాసనొస్తుందని చెప్పారు. అందులో తప్పేం లేదు. ఆన్‌లైన్లో బ్యాక్టీరియా పొడి తెప్పించి, బకెట్ నీళ్ళలో కలిపి సగం కమోడ్‌లో, సగం నేల జాలీలో పోశారు. వాసన పోయింది. అన్నయ్యగారు కాలర్ సర్దుకున్నారు. ఆ సాయంత్రమే అత్తయ్యగారు కమోడ్‌లో యాసిడ్ పోసి రుద్దారు. పొద్దున్న ఖర్చు పెట్టి పెంచిన బ్యాక్టీరియాని సాయంత్రం ఖర్చు పెట్టి చంపిన ఇల్లు మాదొక్కటే అయ్యుండదు, చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది.

ఇంతకీ ఆశ్చర్యమేంటంటే, అందరి మందూ పనిచేసింది. అందుకే ఎవరూ తమ మాట వదులుకోలేదు.

వాసన మళ్ళీ రావడంతో చివరికి సెప్టిక్ ట్యాంకు బండిని పిలిపించారు. డ్రైవరు మూత జరిపి, పొడుగాటి కర్ర దించి తీసి చూశాడు. పైన తెట్టు, మధ్యలో నీళ్ళు, అడుగున బురద. బురద మూడో వంతు కూడా లేదు. "రెండు మూడేళ్ళకోసారి తీయించాలండి, మీది ఇంకా టైముంది" అన్నాడు. మావయ్యగారికి నమ్మకం కుదరలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి లోపల చూద్దామని వంగబోతే డ్రైవరు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. లోపల మీథేన్ ఉంటుంది, దానికి వాసనే ఉండదు, అంటుకుంటే మనిషి ఉండడు. పోనీ ఒక మనిషిని దింపి చూపించమంటే అతను ఇంకా గట్టిగా కసిరాడు. మనుషుల్ని దింపకూడదని 2013లో చట్టమే వచ్చింది. చట్టం సంగతలా ఉంచితే, ఆ కోడిగుడ్డు గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కునే పడగొడుతుంది. వాసన ఆగిందని ధైర్యంగా దిగినవాడు తిరిగి రాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

బండివాడే ఒక ముసలి మేస్త్రీ నంబరిచ్చి వెళ్ళాడు.

మేస్త్రీ వచ్చి బాత్రూం చూడకుండా గడప మీద కూర్చుని ప్రశ్నలేశాడు. "ఈ వాసన ఎప్పుడొస్తాదండి? తెల్లారగట్లా, మజ్జానమా? వాన పడ్డాకా? ఫ్యానేసినప్పుడా, ఏయనప్పుడా? ఆ ఎంటిలేటరు తీసుంటాదా, మూసుంటాదా?"

ఇంటిల్లిపాదీ నిపుణులమే కానీ ఒక్కదానికీ జవాబు లేదు. చాలాసేపు ఆలోచించాక తేలింది. మామూలప్పుడు వెంటిలేటర్ అద్దాలు తెరిచే ఉంటాయి, ఫ్యాను వెయ్యం. చుట్టాలొస్తే దోమలు వస్తాయని అద్దాలు మూసి, మర్యాదగా ఉంటుందని ఫ్యాను వేస్తాం.

మేస్త్రీ తలుపు మూయించి, అగరబత్తి వెలిగించి నేల జాలీ దగ్గర పట్టుకున్నాడు. పొగ నిటారుగా లేచింది. "ఫ్యానెయ్యండి." ఫ్యాను తిరిగిన క్షణంలో జాలీలోంచి ఎవరో ఊదినట్టు పొగ మా మొహాల మీదకి వంగింది, వెనకే వాసన. అన్ని వైపులా మూసిన గదిలో ఫ్యానుకి గాలి కావాలి కదా, దొరికిన దారి అదొక్కటే. జాలీ ఎత్తి టార్చి వేశాడు. "నీళ్ళుంటే లైటు మెరవాల. సూడండి, ఎండిపోయింది." జాలీ కింద నానీ ట్రాప్ అనే గొట్టం వంపు‌లో రెండంగుళాల నీళ్ళు నిలబడి ఉంటే కింది గ్యాసు పైకి రాదు. బరంపురం ఎండల్లో వాడని బాత్రూంలో ఆ నీళ్ళు వారాల్లో ఆవిరైపోతాయి. అతను మగ్గుతో నీళ్ళు పోశాడు. వాసన పోయింది.

అప్పుడర్థమైంది మాకు ఫినాయిల్ మహిమ, పసుపు నీళ్ళ మహిమ, బెంగళూరు పొడి మహిమ. మూడింట్లోనూ పనిచేసింది నీళ్ళే. అన్నయ్యగారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు. చినమావయ్యగారు మాత్రం "నేను పోసిన మూల ఈశాన్యమే కదా" అన్నారు.

మేమంతా అయిపోయిందనుకున్నాం. మేస్త్రీ లేవలేదు. "మరి చుట్టాలు తానం చేస్తన్నారు కదండీ, రోజూ నీళ్ళు పడతాయి. మళ్ళీ ఎలా ఎండతాది? పైకెల్లి ఎవరన్నా ఫ్లష్ నొక్కండి."

మా ఆయన మేడ మీదకి వెళ్ళి నొక్కారు. గోడలో నీళ్ళు దడదడా దిగాయి. వెంటనే మా కళ్ళముందే ఆ చిన్న నీళ్ళ గుంట ఒకసారి వణికి, గుడగుడమని రెండు బుడగలు వదిలి, గుటుక్కున కిందికి పోయింది. టార్చి వెలుగులో తడి గోడలు తప్ప ఏమీ మిగల్లేదు.

"స్నానం నీళ్ళ గొట్టం, కమోడ్ గొట్టం ఒకటే చేసేశారు. అదో తప్పు" అన్నాడు మేస్త్రీ. పైనుంచి నీళ్ళు ఒక్కసారిగా దిగితే వెనక గాలి కావాలి. అది ఇవ్వడానికే డాబా మీదకి వెంట్ పైపు ఉంటుంది. అది మూసుకుపోతే గొట్టం దగ్గర్లో ఏ ట్రాప్ దొరికితే దాన్ని పీల్చేస్తుంది. పక్షి గూడో, కందిరీగల తుట్టో అయ్యుంటుందని అందరం డాబా ఎక్కాం.

పిట్టగోడ ఎత్తున వెంట్ పైపు ఉంది. దాని నెత్తిన మడత పెట్టిన పాలిథీన్ సంచి, పురికొసతో మూడు చుట్లు చుట్టి, పీటముడి వేసి ఉంది. పక్కనే పాత చీర మీద గుమ్మడి వడియాలు వరసగా ఎండుతున్నాయి. ఆ పీటముడి ఈ ఇంట్లో ఎవరు వేస్తారో అందరికీ తెలుసు. ఆవకాయ జాడీలకీ అదే ముడి.

అత్తయ్యగారు తడుముకోలేదు. "ఎండంతా ఆ మూలే పడుతుంది. వడియాల మీదకి ఆ గాలి తగలనిస్తానా?"

నిజం చెప్పాలంటే నేను ఆవిడ పక్షమే. ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపు ఉంటే వెంట్ పైపు కప్పు కంటే 2 మీటర్లు ఎత్తుండాలని, నెత్తిన దోమల జాలీ ఉండాలని మన దేశపు ప్రమాణాల్లో రాసే ఉంది. మాది పిట్టగోడ దాటలేదు. మేస్త్రీ పైపు కొస చేత్తో తడిమి, "దీన్నెవరో రంపంతో కోసేశారండి" అన్నాడు. మావయ్యగారు కొబ్బరిచెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. ఇల్లు కట్టినప్పుడు ఎలివేషన్ పాడవుతోందని కోయించింది ఆయనే. సంచి కట్టిన మనిషి, పైపు కోయించిన మనిషి మొహమొహాలు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కలిసి మేస్త్రీ కూలి మీద బేరమాడారు. ఒక మగ్గు నీళ్ళకి అంత డబ్బా అన్నది మావయ్యగారి వాదన. "నీళ్ళు మీయే కదండీ, వాటికి తగ్గించాను" అన్నాడు మేస్త్రీ.

పైపు పెరిగింది, జాలీ వచ్చింది, ట్రాప్‌లో నీళ్ళ మీద చెంచాడు నూనె వేస్తే త్వరగా ఆరవని కూడా నేర్చుకున్నాం. ఇప్పుడు మా వీధిలో వాసన వైద్యం మావయ్యగారిదే. చొక్కా జేబులో అగరబత్తుల కట్ట, చేతిలో టార్చి. ఎదురింట్లో వాషింగ్ మెషీన్ గొట్టం ట్రాప్‌లో కాకుండా తిన్నగా మురుగు పైపులో దూర్చి ఉందని కనిపెట్టి, చుట్టూ గుడ్డ కుక్కించి, మర్నాడు ప్లంబర్ని పిలవమని చెప్పొచ్చారు. దాంతో పేరొచ్చింది. పక్కింటి ఒడియా మాస్టారు కూడా వచ్చి, వాళ్ళ వంటింట్లో ఏదో వాసనగా ఉందని, ఒకసారి చూడమని పిలిచారు.

మావయ్యగారు ఫ్యాను వేయించారు, తీయించారు. అగరబత్తి సింకు కింద పెట్టారు, జాలీ దగ్గర పెట్టారు, కిటికీలు మూయించి మళ్ళీ పెట్టారు. పొగ ఎటూ వంగలేదు. చివరికి మాస్టారి భార్య నవ్వాపుకుంటూ పొయ్యి వెనక డబ్బా మూత తీసి చూపించారు.

ఎండుచేపలే.