పంటు మీద ఎంపీ4

సంక్రాంతికి వచ్చే కొత్త అల్లుడు ఓ స్వీటు ప్యాకెట్టు పట్టుకొస్తే సరిపోయేది. మా బావగారు జేబులో సినిమా హాలు పెట్టుకుని బయల్దేరారు. జేబులో పట్టే వీడియో ప్లేయర్లలో ఏది కొనాలన్న చర్చకే నెల పట్టింది.

ముందు యాపిల్ వాళ్ల వీడియో ఐపాడ్ అనుకున్నారు. 2005 అక్టోబరులో వచ్చింది, తెర రెండున్నర అంగుళాలు. 30 జీబీ దానికి వీడియో చూస్తే బ్యాటరీ రెండు గంటలేనని కంపెనీవాళ్లే ఒప్పుకున్నారు. మన సినిమా రెండున్నర గంటలాయె. విలన్‌ని కొట్టకుండానే హీరో ఆరిపోతాడు. 60 జీబీది మూడు గంటలొచ్చేది గానీ ధర వింటే మనకే ఛార్జింగు దిగిపోయేది. పైగా వీసీడీ అనే సినిమా సీడీలో ఉండే .dat ఫైలు దానికి ఎక్కదు, ఎంపీ4 అనే రకం వీడియో ఫైలుగా మార్చాలి. పాత కంప్యూటరైతే సినిమా నిడివి కంటే ఎక్కువసేపే పడుతుంది. అలా మార్చే సాఫ్ట్‌వేర్లు చాలావరకు, ఫైల్లో ఏది ఎక్కడుందో చెప్పే సూచికని అన్నిటికన్నా చివర రాస్తాయి. అది రాయకముందే కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోదు. మా కోనసీమ కరెంటు సరిగ్గా ఆ ఆఖరి నిమిషం కోసమే కాచుక్కూర్చునేది.

ఆర్కోస్ కంపెనీ ప్లేయరైతే డివ్ఎక్స్ రకం వీడియో ఫైళ్లు మార్చకుండా నేరుగా చూపించేది, టీవీలోంచి రికార్డు కూడా చేసేది. మన చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. సోనీ వాళ్ల వీడియో గేముల యంత్రం పీఎస్పీ తెర 4.3 అంగుళాలు, బంగారం లాంటిది. ఆటబొమ్మతో అత్తారింటికొస్తే పరువు పోతుందని అక్క అడ్డుపడింది.

చివరికి కొన్నది ఇవేవీ కావు. ఫారిన్ సామాన్ల షాపువాడు అంటగట్టిన చైనా డబ్బా. దానిమీద ఎంపీ4 అని జానెడు అక్షరాలు. అందులో ఎంపీ4 ఫైలు వేస్తే మాత్రం ఫార్మాట్ ఎర్రర్! అది చూపించేది ఏఎంవీ అనే ఇంకో రకం వీడియో ఫైలు ఒక్కటే. కూడా ఇచ్చిన సీడీలోని సాఫ్ట్‌వేరుతో మార్చుకోవాలి. మారిస్తే బొమ్మ 160 బై 120 చుక్కలకి కుంచించుకుపోయి, సెకనుకి 12 ఫ్రేములు మిగులుతాయి. హీరో స్టెప్పుల్లో సగం దారిలోనే రాలిపోతాయి.

నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటెక్కారు. మిట్టమధ్యాహ్నం. సఖినేటిపల్లి చేరేదాకా ఆగొచ్చు కదా, ఆగలేదు, తీశారు. చుట్టూ జనం మూగారు. అంత ఎండలో ఆ బ్యాక్‌లైటు ఏ మూలకి? నున్నటి ప్లాస్టిక్ తెరలో ఎవరి మీసాలు వాళ్లకి కనబడ్డాయి.

“అద్దమా అండి?” అన్నాడు చంకలో డేగ రంగు కోడిపుంజుతో ఉన్నాయన.

“సినిమా అండి.”

“ఆయ్.”

తువ్వాలు కప్పుకుంటే కనబడుతుందని బావగారి సిద్ధాంతం. అందులో తప్పేం లేదు. తువ్వాలు కింద మూడు తలలు దూరాయి. స్పీకరు మోతని పంటు ఇంజను మింగేసింది. ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుంటే మూడో ఆయన మూకీ చూశాడు.

“హీరో ఎవరండీ?”

“మధ్యలో ఉన్నాడు చూడండి.”

“మధ్యలో ముగ్గురున్నారండి.”

ఈలోగా గాలికి తువ్వాలు లేచింది. మళ్లీ ఎండ, మళ్లీ అద్దం. ఈసారి అందులోకి పుంజు తొంగిచూసింది. పందేనికని నెలల తరబడి బాదంపప్పు మేపి పెంచిన పుంజు. ఎదురుగా తన సైజులోనే మెడ రిక్కించిన ఇంకో డేగ పుంజు కనబడితే ఊరుకుంటుందా? ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కోడిపందేల కుక్కుట శాస్త్రంలో ఉంటుంది గానీ, ఎల్సీడీ తెర సంగతి రాయలేదు. ఒక్కటే పోటు. తెర మధ్యలోంచి నల్లటి మరక సిరా ఒలికినట్టు పాకిపోయింది. లోపల పాట ఇంకా నడుస్తూనే ఉంది.

బావగారు నోరు తెరిచేలోపే పుంజు ఓనరు ఎగిరిపడ్డాడు. “నా పుంజు ముక్కు అరిగితే ఎవరిస్తారండి? రేపు బరిలోకి దిగాల్సింది!”

కనుమ అయ్యాక షాపుకెళ్లి అడిగితే వాడు బిల్లయినా చూడలేదు. కోడి పొడిస్తే గ్యారంటీ వర్తించదట. తెర మార్చడానికి అయ్యే ఖర్చుకి ఇంకాస్త కలిపితే ఎండలో కూడా కనబడే కొత్త మోడల్ ఇస్తానన్నాడు. దాని డబ్బా మీద ఎంపీ5 అని ఉంది.