పూలీ కేసును కూడా కలపాల్సింది

మిన్యొనెట్ పడవ కేసు మన లా విద్యార్థులకూ పరిచయమే. ఆకలికి తాళలేక కుర్రాడు రిచర్డ్ పార్కర్‌ను చంపి తిన్న డడ్లీ, స్టీఫెన్స్‌లది హత్యేనని 1884లో తేల్చిన ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి జాన్ డ్యూక్ కోల్‌రిడ్జ్ జీవితం గురించి మీ వ్యాసంలో చక్కగా రాశారు. ఆయన కవి శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జ్‌కు అన్నగారి మనవడు. నడిసముద్రంలో దాహంతో అల్లాడే నావికుల మీద 1798లో కవిత అచ్చేసిన ఆ కవి కుటుంబీకుడి ముందుకే ఆ కేసు రావడం చిత్రం! ఉరిశిక్ష చివరికి 6 నెలల జైలుగా మారిందిలెండి.

కానీ ఒక సంగతి వదిలేశారు. 1857లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో థామస్ పూలీ అనే బావులు తవ్వే పేదవాడు ఒక గేటు మీద క్రైస్తవాన్ని దూషిస్తూ రాశాడని 21 నెలల జైలు వేశారు. వేసిన జడ్జి జాన్ డ్యూక్ తండ్రి జాన్ టేలర్ కోల్‌రిడ్జ్. ప్రాసిక్యూషన్ తరఫున వాదించింది సాక్షాత్తూ జాన్ డ్యూకే! తండ్రి బెంచి మీద, కొడుకు కింద. జనం గోల చేశాక పూలీని ముందే వదిలేశారు. అదే జాన్ డ్యూక్ 1883లో, నాస్తిక పత్రిక సంపాదకుడు ఫుట్ మీద నడిచిన దైవదూషణ కేసులో, మర్యాద తప్పకుండా మాట్లాడితే క్రైస్తవ మూలసూత్రాలను కాదన్నా దైవదూషణ కాదని జ్యూరీకి చెప్పారు. నా దృష్టిలో పడవ కేసుకన్నా ఈ మార్పే పెద్ద కథ. దీని మీద ఇంకో వ్యాసం రాయండి సార్.