ఉరిశిక్ష పడిందంటే మర్నాడే తాడు బిగించరు సామీ

నాలుగు రోజులుగా తిరుపతిలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే మెసేజీ. అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా మేనత్త కూడా పంపింది. అందులో ఉన్నది ఇదీ: ‘1993లో చిలకలూరిపేట బస్సు తగలబెట్టి 23 మందిని చంపిన దొంగలకు కోర్టు ఉరి వేస్తే రాష్ట్రపతి వదిలిపెట్టేశాడు. పోలీసుల ముందు ఒప్పుకున్నాక మళ్లీ హైకోర్టు ఎందుకు, లాయర్లు బతకడానికి కాకపోతే? దోపిడీలో హత్య జరిగితే ఉరి తప్పనిసరని చట్టంలోనే ఉంది. అసలు దోపిడీ చేస్తేనే ఉరి తీయాలి.’

చిత్తూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఏళ్ల తరబడి కేసు కట్టలు మోసినవాణ్ణి, ఇది చదివి ఊరుకోలేకపోయాను.

ముందు ఆ ‘వదిలిపెట్టేశాడు’ సంగతి. ఇద్దరు కుర్రాళ్లు దోపిడీకని పెట్రోలు పట్టుకుని హైదరాబాదు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సెక్కారు, మార్చి 8 తెల్లవారుజామున ఆ పెట్రోలుకే నిప్పంటుకుని 23 మంది కాలిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు దేవుతుంది, దాంట్లో నాకు పేచీ లేదు. కింది కోర్టు ఉరి వేసింది, 1996లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది, అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరికి రోజు కూడా ఖరారయ్యాక ఆఖరి గడియలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తర్వాత 1998లో కొత్త రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ చేసింది శిక్షను యావజ్జీవంగా మార్చడం. యావజ్జీవం అంటే జైలే కదా, ఇంటికి పంపడం కాదు! నేరం చేయలేదని ఆయన అనలేదు, ఏ కోర్టూ అనలేదు.

హైకోర్టు ఎందుకంటారా? సెషన్స్ జడ్జి ఉరి రాసినా అది అప్పటికి సగం తీర్పే. ముద్దాయి అప్పీలుకు పోయినా పోకపోయినా, ‘నన్ను ఉరి తీయండి’ అని వాడే మొత్తుకున్నా, ఫైలు హైకోర్టుకు వెళ్లాల్సిందే. అక్కడ దానికి రెఫర్డ్ ట్రయల్ నంబరు, అంటే ఉరి ఖాయం చేయమని కింది కోర్టు పంపిన కేసు అని నంబరు పడుతుంది, కనీసం ఇద్దరు జడ్జీలు సంతకం పెడితేగానీ శిక్ష ఖాయం కాదు. ఇది వకీళ్లు కనిపెట్టిన కిటుకు కాదు, క్రిమినల్ ప్రొసీజరు చట్టంలో ఉన్న రూలు, కొత్తగా వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ అట్లే ఉంది.

ఇక ‘పోలీసుల ముందు ఒప్పుకున్నాక’ అనే మాట. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. ‘సొమ్ము ఫలానా చోట దాచాను’ అని చెప్పి చూపిస్తే ఆ ముక్క వరకే పనికొస్తుంది, దానికీ మధ్యవర్తుల రిపోర్టు, అంటే దగ్గరుండి చూసిన బయటి సాక్షుల పంచనామా రాయాలి, ఆ మధ్యవర్తులు కోర్టుకొచ్చి ఎదుటి వకీలు అడిగే క్రాసు ప్రశ్నలకు నిలబడాలి. కుదవ కొట్లో నగ దొరికిందంటే దొంగతనం సంగతి తేలుతుంది, కత్తి దించింది ఎవరన్నది మాత్రం వేరే తేలాలి.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే నాసిక్ కేసు చూడండి. 2003 జూన్‌లో ఒక తోటలో కాపురముంటున్న కుటుంబం మీద దోపిడీ దొంగలు పడి ఐదుగురిని చంపేశారు, అత్యాచారం కూడా చేశారు. సంచార జాతికి చెందిన ఆరుగురిని పట్టుకొచ్చారు. కింది కోర్టు ఉరి వేసింది. హైకోర్టు ముగ్గురికి తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు మళ్లీ ఆరుగురికీ ఉరే అంది. మన ఫార్వర్డు అన్నలు అక్కడుంటే ఆ వారమే తాడు తెచ్చేవాళ్లు. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆ కేసును మళ్లీ తిరగేసి ఆరుగురూ నిర్దోషులని తేల్చింది. బతికి బయటపడిన సాక్షి మొదట్లోనే పోలీసుల ఫొటో ఆల్బంలో వేరే నలుగురిని గుర్తుపట్టిందట, ఆ నలుగురి జోలికే ఎవరూ పోలేదు! పదహారేళ్ల జైలుకు ఒక్కొక్కరికి 5 లక్షలు ఇవ్వమన్నారు. వాళ్లలో ఒకడు నేరం జరిగిన నాటికి మైనరు. అసలు దొంగలు ఎవరో, ఎక్కడున్నారో ఆలోచిస్తే నాకు ఒళ్లు మండేది అక్కడ.

‘తప్పనిసరి’ అన్నది పచ్చి అబద్ధం. ఐదుగురో అంతకు మించో కలిసి దోపిడీకి దిగి ఒకడు హత్య చేసినా, ఆ నేరంలో కలిసిన అందరికీ ఉరి పడవచ్చు, నిజమే. పడవచ్చు అంతే, యావజ్జీవం, పదేళ్లకు తగ్గని జైలు కూడా అదే సెక్షన్‌లో ఉన్నాయి. మన రాష్ట్రంలోనే 2021లో ఒంగోలు కోర్టు హైవే మీద లారీ డ్రైవర్లను చంపి సరుకు దోచిన ముఠాలో 12 మందికి ఉరి వేసింది. 2011లో ఇండోరులో దోపిడీకి వచ్చి ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లను చంపిన కేసులో మాత్రం 2022లో సుప్రీంకోర్టు ఉరి తీసేసి, 25 ఏళ్ల దాకా బయటికి రాకుండా జైలు వేసింది. ఉరి వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి, ముద్దాయి బతుకు చూడాలి, జైల్లో నడత చూడాలి. చట్టంలోనే ఉంది అంటూ ఫార్వర్డు రాసినాయన ఏ చట్టం చదివాడో నాకైతే అంతుపట్టలేదు.

దోపిడీకే ఉరి అన్నదానికి ఒకటే అడుగుతా. శ్రీవారి దర్శనానికొచ్చి లాడ్జిలో దిగిన ముసలమ్మ మెడలో గొలుసు లాగినా ఉరే, ఆమెను చంపినా ఉరే అయితే, తన మొహం చూసిన ఆమెను దొంగ ప్రాణాలతో ఎందుకు వదులుతాడు?

మా మేనత్తకు ఇదంతా ఫోన్లో చెప్పాను. ‘ఏమోరా, నాకు ఎవరో పంపితే పంపాను’ అంది. మీరూ పంపుకోండి, కాకపోతే ఆ ‘వదిలిపెట్టేశాడు’, ‘తప్పనిసరి’ అన్న రెండు ముక్కలు కొట్టేసి పంపండి.