22/7 గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 22/7 గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఇక్కడ కుశలం లేదు.

పచ్చళ్ల లేబుళ్లు కోసే మిషన్‌కి ప్రోగ్రాం రాసిచ్చింది నేనే. నిన్న మధ్యాహ్నం యజమాని ఫోన్ చేసి, "ఏవండీ, 'ఆవ' ఒక సీసాకీ, 'కాయ' ఇంకో సీసాకీ అంటించమంటారా?" అన్నాడు. పరుగెత్తాను. బ్లేడుని అనుమానించాను. రోలర్ జారుతోందన్నాను. ఆపరేటర్ కుర్రాణ్ణి అనవసరంగా కసిరాను. నాలుగు గంటలయ్యాక ప్రోగ్రాం పదిహేడో వరుసలో, π విలువ ఉండాల్సిన చోట, తమరు దర్శనమిచ్చారు. రాసింది నా చెయ్యే, కాదనను. ఆ చేతికి అలవాటు చేసిందెవరు?

10 సెంటీమీటర్ల వ్యాసమున్న రోలర్ ఒక చుట్టు తిరిగితే కాగితం 314.159 మిల్లీమీటర్లు కదులుతుంది. తమరు 314.286 అంటారు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతుకి ఇంత రాద్ధాంతమా అని నవ్వకండి. రోలర్ ఒక్కసారి తిరిగి ఊరుకోదు. ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా చెబితే ఎక్కడో సర్దుకునేది. నువ్వెప్పుడూ ఎక్కువే చెబుతావు! 400 చుట్లకి 5 సెంటీమీటర్లు. లేబుల్ పొడవే 10. ఇంకెక్కడ తెగుతుంది, ఆవకాయ నడుం కాక?

ఆర్కిమెడీస్ నిన్ను పెట్టిందే పై హద్దుగా, అసలు విలువ నీకన్నా తక్కువేనని. పొలం గట్టున పాతిన హద్దురాయివి, ఊళ్లోకొచ్చి కరణం కుర్చీలో కూర్చున్నావు. ఆర్యభటుడు 499లో 62,832ని 20,000తో భాగించమన్నాడు. 3.1416 వస్తుంది. అంత చక్కటి విలువ ఇచ్చి కూడా దాన్ని 'ఆసన్నం', అంటే దగ్గరిది మాత్రమే అన్నాడు మహానుభావుడు. నువ్వేమో ప్రశ్నపత్రంలో దర్జాగా సమానం గుర్తు పక్కన నిలబడతావు.

నీ తమ్ముడు 3.14 సంగతి ఎత్తకు. దశాంశమన్న గొప్పే గానీ వాడి తప్పు నీకన్నా పెద్దది. పాపం 355/113 ఉంది. అదే 400 చుట్లకి తేడా మిల్లీమీటరులో నూరో వంతు. దాన్ని ఏ బడిలో పిలిచారు? ఏడుతో కొట్టేయడం కుదరదుగా! మాకు వృత్తాలన్నీ 7, 14, 21 వ్యాసార్థాలతోనే పుట్టాయి.

ఈ ఉత్తరం రాస్తుండగానే మా అమ్మాయి లెక్కల నోట్సుతో వచ్చింది. "నాన్నా, వ్యాసార్థం 7 అయితే వైశాల్యమెంత?"

"154," అన్నాను, తలెత్తకుండానే.

ఇట్లు,
ఒక రోల్ కాగితం బాకీపడ్డవాడు