బావా, ఆ రెండు శాతం ఎవరి ఖాతాలోంచి?

నిన్న రాత్రి ఆ వాట్సాప్ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈ నెలలో నాలుగోసారి. మొదట మా బావ పంపాడు, తర్వాత ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇప్పుడు మళ్ళీ బావే. ఈసారి పైన "తప్పక చదవండి" అని కూడా తగిలించాడు. అందులో ఉన్నది ఇదీ: ఆదాయపు పన్ను బ్రిటిష్ వాళ్ళు మన మెడకు కట్టిన గుదిబండ. దుబాయ్‌లో అది లేదు. ఇక్కడ నూటికి ఇద్దరు కడుతుంటే 98 మంది కూర్చుని తింటున్నారు. కాబట్టి అందరికీ ఒకటే 10 శాతం పెట్టాలి. అంతకన్నా మేలు, పన్నులన్నీ ఎత్తేసి బ్యాంకులో డబ్బు పడ్డప్పుడల్లా 2 శాతం కోసుకోవాలి, "ఎవరికీ నొప్పి తెలియదు".

బ్రిటిష్ సంగతి నిజమే. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానా నింపుకోడానికి 1860లో అప్పటి సర్కారు ఆర్థిక వ్యవహారాలు చూసే జేమ్స్ విల్సన్ తెచ్చాడు. రైళ్ళు కూడా వాళ్ళే తెచ్చారు. బావ సంక్రాంతికి వచ్చింది రైల్లోనే.

దుబాయ్ అంటారా, యూఏఈకి చమురు డబ్బుంది. అయినా 2018లో 5 శాతం వ్యాట్, 2023లో కంపెనీల లాభాల మీద 9 శాతం పన్ను మొదలుపెట్టింది. మన కేజీ బేసిన్‌లో అంత చమురు పడ్డ రోజున దీని గురించి మాట్లాడుకుందాం.

98 మంది కూర్చుని తింటున్నారన్న మాట చదివితే మాత్రం ఒళ్ళు మండుతుంది. నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. పొద్దున్నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసి, మధ్యాహ్నం మెడమీది తువ్వాలు పిండుకుని కూర్చునే హమాలీ రిటర్ను వేయడు, నిజమే. కానీ ఫోన్ రీచార్జి చేయిస్తే 18 శాతం జీఎస్టీ కడతాడు. సబ్బుకి కడతాడు, చెప్పులకి కడతాడు. సాయంత్రం క్వార్టర్ కొంటే అందులో సగం సర్కారుకే పోతోందని వాడే తిట్టుకుంటాడు. వచ్చిందంతా ఖర్చయిపోయేవాడికి ఖర్చు మీద పన్నంటే మొత్తం సంపాదన మీద పన్నే. నెలకి ఐదు లక్షలు వచ్చి లక్షన్నర ఖర్చు పెట్టేవాడికి మిగతా మూడున్నర లక్షల మీద ఆ పన్ను ఏమీ పడదు.

ఇక ఆదాయపు పన్ను ఎత్తేస్తే ఆ లోటు ఎక్కణ్ణించి పూడుస్తారు? 2025-26 బడ్జెట్ అంచనాల్లో ఆదాయపు పన్ను 14 లక్షల కోట్ల పైన, కేంద్రానికి జీఎస్టీ 12 లక్షల కోట్ల లోపు. అంటే జీఎస్టీలో కేంద్రం వాటా రెట్టింపు దాటాలి. 2025 సెప్టెంబరులో సబ్బూ టూత్‌పేస్టూ 18 నుంచి 5 శాతానికి దిగాయని పండగ చేసుకున్న గ్రూపులే ఇప్పుడు దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నాయి.

అందరికీ ఒకటే 10 శాతం. సరే. రష్యా 2001లో అందరికీ 13 శాతం అంది. 2021లో పైవాళ్ళకి 15 చేసింది, 2025 నుంచి 22 దాకా మెట్లు కట్టింది. స్లొవేకియా 2004లో 19 అని పెట్టి 2013లో వదిలేసింది. అవన్నీ అలా ఉంచి మన ఇంటి లెక్క చూద్దాం. మా బావ జీతం ఏడాదికి 9 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను సున్నా. పదిశాతం పెడితే 90 వేలు. బావా, నువ్వు కట్టని పన్ను తీసేయమని, నువ్వు కట్టాల్సిన పన్ను పెట్టమని మూడు గ్రూపుల్లో ఉద్యమం చేస్తున్నావు. ఇలాంటి త్యాగం ఈ కాలంలో ఎవరు చేస్తారు!

ఇక అసలు ముచ్చట, ఆ రెండు శాతం. మా షావుకారు గారికి చదివి వినిపిస్తే ఆయన ఒక్కటే అడిగారు: "పంపినోడి దగ్గర కోస్తారా, పడ్డోడి దగ్గరా?"

పడ్డవాడి దగ్గరే. పుణెలోని అర్థక్రాంతి అనే సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్తున్న ప్రతిపాదన అదే. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అయితే మన కమీషనంతా దానికే పోయింది" అన్నారు.

ఎలాగో చూడండి. రైతు తెచ్చిన కాయలు లక్ష రూపాయలకి పోయాయనుకుందాం. కొన్న వ్యాపారి డబ్బు మా ఖాతాలో పడగానే రెండు వేలు కోత. లక్షకి మాకు మిగిలే కమీషనే రెండు మూడు వేలు. మేము రైతుకి వేస్తే అక్కడ ఇంకో రెండు వేలు. వ్యాపారి కారం మిల్లుకి అమ్మితే ఇంకోటి, మిల్లు హోల్‌సేల్ వాడికి, వాడు కిరాణా కొట్టుకి, కిరాణా వాడు మనకి. ఆరు చోట్ల కోత, పన్నెండు వేలు. దంచిన కూలీ, ప్యాకెట్, లారీ బాడుగ కలపకుండానే. అదే సరుకు మీద ఇప్పుడు జీఎస్టీ 5 శాతం. ముందువాడు కట్టింది తర్వాతివాడు తగ్గించుకుంటాడు. రెండు శాతంలో ఆ తగ్గింపు ఉండదు.

రైతు దగ్గరే కొని, సొంత మిల్లులో పట్టించి, సొంత షాపుల్లో అమ్మే పెద్ద కంపెనీకి మాత్రం కోత రెండే చోట్ల. మా కొట్టు, హోల్‌సేల్ వాడు, సందు చివరి కిరాణా, అందరం ఒకేసారి షట్టర్లు దించుకోవచ్చు. నొప్పి తెలియదట!

దించుకోకపోతే ఏం చేస్తాం? నగదుకి పోతాం. బ్రెజిల్ 1997 నుంచి పదేళ్ళు ఇలాంటి పన్ను వేసింది, అదీ చివరికి 0.38 శాతమే, మిగతా పన్నులన్నీ ఉంచుకుని. మన దగ్గర కూడా 2005లో బ్యాంకు నుంచి తీసే పెద్ద నగదు మీద 0.1 శాతం వేసి 2009లో ఎత్తేశారు. అంత చిన్న కోతలే నిలవలేదు, రెండు శాతం నిలుస్తుందా?

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఖర్చు మీద పన్ను అనేది పిచ్చి ఆలోచనేం కాదు. ఆర్థికవేత్త నికోలస్ కాల్డార్ సలహాతో 1957లో మన పార్లమెంటే చట్టం చేసింది: మనిషి ఏడాదిలో పెట్టిన ఖర్చు లెక్కగట్టి, ఎక్కువ ఖర్చు పెట్టినవాడికి ఎక్కువ రేటు. దాచుకున్న దాని జోలికి పోరు. వచ్చిన డబ్బు తక్కువ, తలనొప్పి ఎక్కువ. 1962లో తీసేశారు, 1964లో మళ్ళీ తెచ్చారు, 1966లో మళ్ళీ తీసేశారు. అప్పట్లో ఎవరి ఖర్చు ఎవరికి తెలుసు? ఇప్పుడు పాన్, యూపీఐ ఉన్నాయి. దాని గురించి ఎవరైనా నాలుగు లైన్లు రాస్తే నేను ఓపిగ్గా చదువుతాను.

జీతగాళ్ళ కోపం కూడా న్యాయమైనదే. వాళ్ళకి చేతికి రాకముందే కోస్తారు. పక్కనే ఇంకొకడు జామతోటలో కోట్లు పండాయని రాసి, వ్యవసాయ ఆదాయం కాబట్టి పైసా కట్టడు. నిజమైన రైతుని వదిలేసి ఆ తోటల మీద పన్ను వేయమని మెసేజ్ రాయండి, నేనే అన్ని గ్రూపుల్లో పెడతాను. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉంచుతారో లేదో మాత్రం చెప్పలేను. అడ్మిన్ గారికి అమరావతి రోడ్డులో జామతోట ఉంది.