మహారాజశ్రీ ఎర్త్ వైరు గారి సముఖానికి

మా 1998 మోడల్ కారులో, ఇంజన్‌కీ బాడీకీ నడుమ వేలాడుతూ, కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేరే దారిగా కాపురముంటున్న తమరికి ఆ కారు ఓనరు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలమే, నా పర్సు సంగతి మాత్రం అడక్కండి.

మూడు నెలల కిందట తాళం తిప్పితే ‘టక్’ మంది. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. మెకానిక్ గారు బానెట్ ఎత్తకుండానే "బ్యాటరీ పోయిందండీ" అన్నారు. నిక్షేపంలాంటి బ్యాటరీని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది వేయించాను. వారం తిరక్కుండానే అదే టక్. ఈసారి ఇంజన్‌ని తిప్పి లేపే సెల్ఫ్ మోటారు దోషి అన్నారు. విప్పి, లోపల కరెంటు అందించే బ్రష్‌లు మార్చి బిగించారు. పది రోజులు గుర్రంలా పరిగెత్తింది. ఆ విప్పడంలో మీ బోల్టు కాస్త కదిలి పట్టు కుదిరి ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. పేరు మాత్రం బ్రష్‌లు కొట్టేశాయి.

ఆ తర్వాత మీ లీలలు మరీ ఎక్కువయ్యాయి. రాత్రి హెడ్‌లైటు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేచేది. ఇంజన్ కాగిపోతోందని రోడ్డు పక్కన ఆపి, లైటార్పి, రేడియేటర్ మూత వంక చూస్తూ అరగంట కూర్చున్నాను. ముల్లు లేచింది లైటు వేసినప్పుడే కదా, ఇది వేడి కాదు, కరెంటు తంటా అని అప్పుడైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మార్పించాను.

మిమ్మల్ని పట్టించింది లారీలకు వైరింగ్ చేసే ఒక పెద్దాయన. "హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టు బాబూ" అన్నాడు. కొట్టాను. టక్. లైటు మాత్రం చెక్కుచెదరలేదు. "బ్యాటరీ నీరసమైతే లైటు గుడ్డిదైపోవాలి. ఇది దారిలో దొంగ" అంటూ మీటరు తీశాడు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజన్‌కి పెట్టి మళ్లీ కొట్టమన్నాడు. అర వోల్టు దాటకూడదట. 6 చూపించింది! బ్యాటరీలో ఉన్న 12లో సగం మీరే భోంచేస్తున్నారన్నమాట. ఈలోగా క్లచ్ కేబుల్ మీద చెయ్యేశాను, చురుక్కుమంది. మీరు దారివ్వకపోతే కరెంటు పాపం ఆ సన్నని కేబుల్ పట్టుకుని దొడ్డిదారిన పోతోందట.

ఆయన జంపర్ వైరు ఒకటి తెచ్చి మైనస్ నుంచి ఇంజన్ లోహానికి తగిలించాడు. కారు ఒక్క పెట్టున స్టార్టయింది.

మీ బోల్టు విప్పితే కింద తుప్పు పొర, దానిమీద ఎప్పుడో ఎవరో టచప్ కొట్టిన పెయింటు. ఎమరీ పేపరు ముక్కతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాజిలీన్ రాశాం. పది నిమిషాల పని. ఫ్యూజుకైనా పెట్టె ఉంది, హారన్‌కైనా నోరుంది. మీరు నల్లగా, గ్రీజు పూసుకుని, ఒక మూల మౌనంగా ఉన్నారు. ఎవరికి గుర్తొస్తారు చెప్పండి?

మీ పక్కన కొత్త వైరు ఇంకొకటి కూడా వేయించాను. నొచ్చుకోకండి, అపనమ్మకమే.

ఇట్లు,
మూడు బిల్లులు కట్టిన ఓనరు

తా.క.: నిన్నటి నుంచి బ్రేకు తొక్కితే వెనక ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోంది. డిక్కీ మూల టెయిల్ లైటు దగ్గర మీ తమ్ముడు గారెవరో ఉంటారట, నిజమేనా?