సాగర్ గట్టు మీద ల్యాప్‌టాప్ ఏందుల్లా?

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన్రంటే చాలు, శనివారం పొద్దుగాల సాఫ్ట్‌వేర్ పోరగాండ్ల కార్లన్నీ ఇబ్రహీంపట్నం, మాల్ మీదికెళ్లి అటే. నీళ్లు చూసుడు పది నిమిషాలు, రీల్ తీసుడు గంట. డ్యాంకు 26 గేట్లున్నయి, ఒక్కటన్నా కండ్లతోని చూస్తరా?

అంతల ఫోన్. ప్రొడక్షన్, అంటే జనం వాడే అసలు సాఫ్ట్‌వేర్, పడిపోయిందట! డిక్కీలకెళ్లి ల్యాప్‌టాప్ తీసుడు, బానెట్ మీద పెట్టుడు, హాట్‌స్పాట్ వేసుడు. ఇంత జనం ఒక్క టవర్ మీద పడితే సిగ్నల్ యాడికెళ్లి వస్తది? కంపెనీ నెట్‌వర్క్‌లకు తొవ్వ చూపే వీపీఎన్ కలుస్తది, తెగుతది, మళ్ల ఓటీపీ. ఆ ఓటీపీ రాదు. ఆన్‌కాల్, అంటే ఎప్పుడు పిలిచినా పలకాల్సిన డ్యూటీ, ఉన్నోడు రోస్టర్ల ముందుగాలనే ఇంకొకరితోని మార్చుకోవద్దా? వెనక సీట్ల పులిహోర డబ్బా మూత కూడా తియ్యలే.

పాలమూరుల ఇంటికొచ్చినా గంతే. నవంబర్ మొదటి ఆదివారం అమెరికోళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతరు. వాళ్లతోని ఈడ రాత్రి ఎనిమిదిన్నరకున్న మీటింగ్ తొమ్మిదిన్నరకు వడ్తది. వాళ్ల ముల్లు తిరిగితే మన బువ్వ సల్లారాల్నా?

ఇగ కంపెనీలు మారే ముచ్చట! నోటీసు 90 రోజులు, కొత్తోళ్లేమో 30 రోజులల్ల రమ్మంటరు. అందుకని ముందు రాజీనామా పడేసుడు, ఆఖరి నెలల ఆఫర్లు ఏరుడు, ఒకటి చూపెట్టి ఇంకోటి గుంజుడు. ప్యాకేజీ 20 లక్షలని ఊరంత చాటుతరు. అండ్ల పనిని బట్టి ఇచ్చే వేరియబుల్ ఎంత, కంపెనీ కట్టే పీఎఫ్ ఎంత, గ్రాట్యుటీ ఎంత, నెలకు చేతిల పడేదెంత? అడుగుండ్రి, మాట మారుస్తరు.